కిటికీ ఊచకి కట్టిన తాడు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి పెదజాలారిపేటలో ఎవర్నడిగినా చెబుతారు. మా ఆవిడ సూర్యకళని అడిగితే ఇంకాస్త వివరంగా చెబుతుంది. నా పేరు వాసు. ఇంటర్ తప్పి పదిహేడో ఏట సముద్రం మీదికి వెళ్ళాను, ఇప్పుడు నలభై రెండు. ఇన్నేళ్ళలో మా సముద్రపు తల్లి గంగాలమ్మకి తప్ప ఎవరికీ మనసారా దండం పెట్టింది లేదు. అలాంటివాణ్ణి పనిమాలా కూర్చుని ఒక మనిషి గురించి రాస్తున్నానంటే ఆవిడ నాకెంత చేసిందో ఊహించుకోండి. ఆవిడ పేరు పైడితల్లి. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. ఫిజియోథెరపీ చేస్తుంది. మేమంతా డాక్టరమ్మ అంటాం. అలా పిలవొద్దని ఆవిడ రోజూ చెబుతుంది, మేం రోజూ అలాగే పిలుస్తాం.

చినవాల్తేరులో ఒక పిండిమర మీద మేడగది ఆవిడది. మర తిరుగుతున్నంతసేపూ గది నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. పిండి మెట్ల మీదుగా గదిలోకి వచ్చేస్తుంది. నడుం నొప్పని వచ్చినవాళ్ళు బల్ల మీద బోర్లా పడుకుని తుమ్ముతారు, తుమ్మితే నడుం ఇంకా పట్టేస్తుంది. సాయంత్రానికి డాక్టరమ్మ జుట్టు మీద తెల్లగా పొడి పేరుకుని, పెద్దావిడలా కనిపిస్తుంది. ఇంతకంటే మంచి గది దొరకలేదా అని అడిగితే, "దొరికింది గానీ లిఫ్టు లేని మూడో అంతస్తు. మోకాలు నొప్పోళ్ళు ఎక్కాలా, నానెక్కాలా?" అంది.

ముందు నా భుజం సంగతి చెప్పాలి.

మా ఫైబర్ బోటు మీద నలుగురం వెళతాం. ఒకడు ఇంజను చూసుకుంటాడు, ఒకడు చేపలు విడదీస్తాడు, వల లాగేది ఇద్దరం. వలకి పై అంచున బెండ్లుంటాయి తేలడానికి, కింది అంచున సీసం గుళ్ళుంటాయి మునగడానికి. పై అంచు తాడుని బెండు తాడంటాం, కింది అంచు తాడుని గుళ్ళ తాడంటాం. బరువంతా గుళ్ళ తాడుదే. అది పట్టేవాడు బోటు ముందు వైపు నిలబడి కుడిచెయ్యి పైకెత్తి అందుకుని లాగాలి. మా అయ్య ముప్ఫయ్యేళ్ళు పట్టిన తాడది. ఆయన పోయాక నేను పట్టాను. వెనక వైపు నిలబడి బెండు తాడు లాగేది మా బావ సూరన్న, అంటే సూర్యకళకి సొంత అన్న. పుర్రచేతివాటం మనిషి. ఆ చోట ఎడమచెయ్యి ముందుండాలి కాబట్టి ఇరవయ్యేళ్ళుగా అది ఆయన చోటు.

ఈ చోట్లు ఎక్కడా రాసుండవు. కానీ ఎవడి చోట్లో వాడే నిలబడతాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న వల అడుగున రాళ్ళకి పట్టేసింది. విడిపిద్దామని నేను గట్టిగా గుంజుతుండగా బోటు ఒక్క కెరటం మీద పైకి లేచింది. తాడు కిందకి, బోటు పైకి, మధ్యలో నా భుజం. లోపలేదో పాతగుడ్డ చిరిగినట్టయింది. ఎవరికీ చెప్పలేదు. నొప్పి ఇంజక్షన్లు చేయించుకుంటూ నెలరోజులు అలాగే వేటకెళ్ళాను. మార్చిలో ఒకరోజు చొక్కా తొడుక్కుంటుంటే చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. సూర్యకళ చూసింది. ఆ రోజు చేపల బేరం మానుకుని నన్ను పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. స్కానింగు తీశారు. భుజంలో కండని ఎముకకి పట్టి ఉంచే నరం సగం చిరిగిందన్నారు. "మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించు. తగ్గకపోతే ఆపరేషను. ఆపరేషనైతే ఏడాదిపాటు సముద్రం ఊసెత్తకూడదు" అన్నాడు డాక్టరు.

మూడు నెలలంటే సరిగ్గా జూన్ పదిహేను. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట ఆపేస్తారు. జూన్ పదిహేనున బోట్లన్నీ ఒక్కసారి నీళ్ళలోకి దిగుతాయి. ఆ రోజుకి నా చెయ్యి లేస్తే నేను బోటు మీదుంటాను. లేవకపోతే ఇంకొకడుంటాడు. బోటు నా కోసం ఆగదు, ఆగాలని నేనూ అనను.

మా బావ సూరన్న ముందుచూపున్న మనిషి. అదే నాకు గిట్టదు. మార్చి నెలాఖరుకే నాకోసం మధురవాడలో ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మెన్ పని మాట్లాడొచ్చాడు.

"ఊరికే సూసి రా బావ. కుర్సీ ఏసుకుని కూకోడమే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను బోటు దించేసి మా అయ్య తాడు తన చేతిలోకి తీసుకోవాలని చూస్తున్నాడనిపించింది. ఆ మాట సూర్యకళతో అన్నాను. మూడు రోజులు నాకు కూర వడ్డించలేదు, చారుతో సరిపెట్టింది.

పైడితల్లి గదికి మొదటిరోజు వెళ్ళినప్పుడు ఆవిడ నా చెయ్యి ముట్టుకోలేదు, స్కానింగు కాగితం కూడా తర్వాత చూసింది.

"ఏటి పని సేత్తారన్నా?"

"వేట."

"వేటలో మీ పనేటి? సూపించండి."

"ఇక్కడ సముద్రం ఏదమ్మా సూపించడానికి? పిండిమరలో వలేసి లాగమంటావేటి?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వి, రేపు వచ్చేటప్పుడు మీరు లాగే తాడు ముక్క పట్టుకురండి అంది. మర్నాడు సూర్యకళ పాత గుళ్ళ తాడు మూడు బారలు చుట్టి తెచ్చింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ ఊచకి కట్టింది. నేను చిటికెనవేలితో లాగితే ఊడిపోయింది. ఇదేం ముడని విప్పి నేనే కట్టాను. మావాళ్ళలో ముడి చూసి ఎవరు కట్టారో చెప్పేస్తాం, అక్షరం చూసి రాసినవాణ్ణి మీరు పోల్చినట్టు. నా ముడి కుడికి తిరుగుతుంది. మా బావ ముడి ఎడమకి తిరుగుతుంది, చివర ఒక చుట్టు ఎక్కువుంటుంది. ఆయన భయం ఆయనది.

ఆ తాడు లాగుతుంటే డాక్టరమ్మ నా వీపు వైపు నిలబడి చాలాసేపు చూసింది. "బలమంతా భుజం నుంచే తీత్తన్నారు. వీపు ఊరికే కూకుంది, నడుం కూకుంది, కాళ్ళు కూకున్నాయి. ఒక్కడే మోత్తంటే ఆడు మాత్రం ఎన్నాళ్ళు మోత్తాడు?" అంది. తర్వాత ఆ తాడు విప్పేసి, ఆడవాళ్ళకి వైద్యం చేసే చోట కర్టెన్ వెనక పెట్టేసింది. ముందు చెయ్యి లేవాలి, తాడు సంగతి తర్వాత అంది.

ఇక మొదలైంది నా అవమానం. పాతికేళ్ళు సముద్రాన్ని లాగినవాడి చేతికి, ఆడపిల్లలు జడకి కట్టుకునేలాంటి పచ్చ రబ్బరు పట్టీ ఇచ్చింది. దాన్ని తలుపు గడియకి తగిలించి మెల్లగా లాగాలట. మెల్లగా వదలాలట. ఇంకోటి, గోడ ముందు నిలబడి వేళ్ళతో గోడ మీదికి పాకాలట, బల్లిలాగా. వేళ్ళు ఎంతదాకా వెళితే అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తుంది. ఆ గోడ నిండా గీతలే. మొదటిరోజు నా గీత నా మొలకంటే కాస్త పైన పడింది. పక్కనే ఎవరో డెబ్భయ్యేళ్ళ ముసలమ్మ గీత నా తల దగ్గరుంది. కోపమొచ్చి పట్టీని పదిసార్లు పటపటా లాగి అయిపోయిందన్నాను.

"ఎవరైనా తరుముతున్నారేటన్నా? బోటు మీద వల లాగినప్పుడు ఎలాగ లెక్కెడతారు?"

"లెక్కెట్టం. హైలెస్సా అంటాం, ఇద్దరం ఒక్కసారి లాగుతాం."

"అయితే ఇక్కడా అదే అనండి. ఒక్కొక్క లాగుడుకి ఒక హైలెస్సా. మెల్లగా."

మేడగదిలో నిలబడి, నున్నగా గడ్డం గీసుకున్న ఉద్యోగస్తుల ముందు నేను సన్నగా హైలెస్సా అనడం మొదలుపెట్టాను. ముందు సిగ్గేసింది. నాలుగో రోజుకి, మెడ పట్టేసి వచ్చే మధురవాడ కంప్యూటర్ కుర్రాడు కూడా తన మెడ తిప్పుతూ హైలెస్సా అంటున్నాడు. వారానికి గదిలో సగం మంది అంటున్నారు. కింద పిండిమర ఆయన పైకొచ్చి, ఇక్కడేమైనా భజన పెట్టారా అని అడిగి వెళ్ళాడు.

పైడితల్లిది పద్మనాభం దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. రోజూ బస్సులో వస్తుంది. కానీ ఆవిడ పని అంతకుముందే మొదలవుతుంది. పొద్దున్న ఐదున్నరకి ఊళ్ళో స్కూలు మైదానంలో కబడ్డీ ఆడే ఆడపిల్లలు పన్నెండు మంది ఎదురుచూస్తుంటారు. ఆట నేర్పేది మాస్టారు. ఆట వల్ల ఒళ్ళు పాడవకుండా చూసేది ఈవిడ. ఎలా దూకాలి, దూకాక మోకాళ్ళు లోపలికి పడకుండా ఎలా ఆగాలి, ఆటకి ముందు ఒంటిని ఎలా వేడెక్కించాలి, ఇవన్నీ చెప్పి, చేయించి, ఏడు గంటల బస్సెక్కుతుంది. యశస్విని అనే పిల్ల చీలమండ బెణికినా దాచిపెట్టి ఆడుతోందని తెలిసి, దాన్ని ఆరు వారాలు గట్టు మీద కూర్చోబెట్టిందట. ఆ పిల్ల రెండు వారాలు ఈవిడతో మాట్లాడలేదట. ఇది చెప్పేటప్పుడు డాక్టరమ్మ ముఖంలో బాధేం లేదు, సంతోషమే ఉంది. మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఎడమకాలు కొంచెం ఆలస్యంగా రావడం నేను గమనించాను గానీ అడగలేదు.

ఏప్రిల్ చివరికి నా గీత నా గడ్డం దాకా వచ్చింది. మే మొదటివారానికి కంటి దాకా. సూర్యకళ రోజూ వచ్చి గోడ చూసి వెళ్ళేది. రాత్రిళ్ళు నొప్పికి లేవడం మానేశాను. నాకప్పుడే బోటు ఎక్కేసినంత ధైర్యం వచ్చింది.

మే రెండో వారంలో వాయుగుండం అన్నారు. సముద్రం ముందుకొస్తుందని, ఒడ్డునున్న బోట్లన్నీ పైకి లాక్కోమని మైకులో చెప్పారు. నేను ఆ పొద్దున్న చినవాల్తేరు వెళ్ళడానికి ఒడ్డమ్మట నడుస్తున్నాను. మా దగ్గర ఒక పద్ధతుంది. ఒడ్డున బోటు కదులుతుంటే ఇసకలో ఉన్నవాడెవడూ ఊరికే నిలబడడు. ఎవరి బోటని అడగడు. మాటల్లేని మనిషిదైనా సరే, చెయ్యి వేయాల్సిందే. పెళ్ళికి వెళుతున్నవాళ్ళు కూడా చెప్పులు విడిచి వచ్చి తోసి, ఇసక దులుపుకుని వెళతారు. హైలెస్సా అన్న కేక నా చెవిన పడింది. ఆ తర్వాత నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఎడమభుజమైనా పెట్టేవాణ్ణి. పాతికేళ్ళ అలవాటున కుడిభుజమే బోటు కింద పెట్టాను. రెండో కేకకి భుజంలో టప్పుమంది. చెయ్యి చచ్చుబడినట్టు వేలాడిపోయింది.

అందరూ బోటు మీదే చూపుంచారు, నన్నెవరూ చూడలేదు. నేను మెల్లగా తప్పుకున్నాను.

ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. ఇంట్లో వెళుతున్నానని చెప్పి, జోడుగుళ్ళపాలెం వైపు పోయి ఇసకలో కూర్చునేవాణ్ణి. రెండు నెలలు ఆ పిల్ల పడ్డ శ్రమంతా రెండు కేకలకి పోగొట్టుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళతాను? వాచ్‌మెన్ కుర్చీ కళ్ళముందు కనబడింది. దానికి ఒక కాలు కుదురుగా లేదని కూడా అనిపించింది.

నాలుగోరోజు మధ్యాహ్నం ఇంటి దగ్గర బోటు నీడలో కూర్చునుంటే పైడితల్లి ఇసకలో నడిచొస్తోంది. చెప్పులు చేత్తో పట్టుకుంది. జుట్టు నిండా పిండి.

"ఏటయిందన్నా? ఫోనెత్తరు, రారు."

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు తిరగలేదు. జరిగింది చెప్పాను. తిడుతుందని తల దించుకున్నాను. ఆవిడ పక్కన కూర్చుని నా భుజం అన్ని వైపులా నొక్కి చూసింది, చెయ్యి మెల్లగా లేపి చూసింది.

"తెగిపోలేదు. వాసింది. నెలరోజుల పని వెనక్కెళ్ళింది, అంతే" అంది. తర్వాత తన సంగతి చెప్పింది. "నాకు ఇంటర్లో కబడ్డీ ఆడతా మోకాలు తిరిగిపోయిందన్నా. ఎవరో పసరు కట్టేరు. వాపు తగ్గింది. మూడు వారాలకే జట్టులో ఒక పిల్ల తక్కువైందని పిలిసేరు. కూత ఇనపడితే ఆగలేపోయాను. దిగేను. రెండో కూతకే మొత్తం పోయింది. అప్పుడు ఆగవే అని సెప్పడానికి నాకెవరూ లేరు. మీకు నానున్నాను గదా? ఎందుకు దాక్కుంటన్నారు?"

మా అయ్య పోయాక నాకోసం ఇలా ఇసకలో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు లేరు. ఆ మాట అప్పుడు ఆవిడతో అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

అక్కడే కొంచెం దూరంలో మా బావ సూరన్న వల బాగుచేసుకుంటున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని పిలిచి, బోటు మీద మీరిద్దరూ ఎలా నిలబడతారో చూపించమంది. బోటెక్కి నిలబడ్డాం. బావ ముందు తన బెండు తాడు లాగి చూపించాడు. తర్వాత నా చోట్లోకి వచ్చి గుళ్ళ తాడు లాగి చూపించాడు, నా చెయ్యి లేవదు కాబట్టి. ఆయనకి కుడిచెయ్యి అలవాటు లేక తాడు రెండుసార్లు జారింది. డాక్టరమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"అన్నా, మీ భుజం నయమవుద్ది. కానీ మళ్ళీ ఈ చోట్లోనే నిలబడి ఇలాగే పైకందుకుని లాగితే రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ సిరుగుద్ది. మీరు అటు ఎళ్ళండి. బెండు తాడు పట్టండి. ఎడంసెయ్యి ముందుంటాది, కుడిసెయ్యి కిందనే ఉంటాది. ఇంకో ఇరవయ్యేళ్ళు ఏటకెళ్ళొచ్చు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. "ఏటమ్మా మాటాడతన్నావు? ఇది మా అయ్య తాడు. ముసిలోళ్ళు, కొత్తోళ్ళు పట్టే తాడు నన్ను పట్టమంటావేటి? అది తాడేనా అసలు?" అన్నాను.

ఆ తాడు ఇరవయ్యేళ్ళుగా పట్టినవాడు నా పక్కనే నిలబడ్డాడు. బావ బోటు దిగి వెళ్ళి వల ముందు కూర్చున్నాడు. నేను నోరు పారేసుకున్నానని తెలుసు. కానీ తెలియగానే వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

మర్నాటి నుంచి మళ్ళీ గోడ, మళ్ళీ పట్టీ, మళ్ళీ హైలెస్సా. ఈసారి భుజంతో పాటు నడుముకీ, కాళ్ళకీ కూడా పని పెట్టింది. గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోబెట్టేది. తొడలు వణికేవి, కింద మర వణికేది, ఏది ఏదో తెలిసేది కాదు. అచ్యుతాపురం ఫ్యాక్టరీ నుంచి నడుం నొప్పితో వచ్చే ఆయన నాకు పోటీ. ఆయన నిమిషం కూర్చుంటే నేను నిమిషం పైన కూర్చోవాలి, లేకపోతే ఆ రోజంతా నాకు అన్నం సయించదు. జూన్ పదో తారీఖుకి నా గీత నా తల దాటి, చెయ్యి బారుగా లేచినంత ఎత్తున పడింది. సూర్యకళ ఆ గీతకి పసుపు, కుంకుమ పెట్టింది. డాక్టరమ్మ వద్దనలేదు.

"జూన్ పదిహేనున ఎళ్ళండన్నా. కానీ బెండు తాడే. మాటియ్యండి" అంది.

తలూపాను. మనసులో మాత్రం మా అయ్య తాడే పట్టాలని నిశ్చయించుకున్నాను. చోటు మార్చుకోమని బావనడగడం నా వల్ల కాదు. ఒడ్డున అంత మాటన్నాక అసలే కాదు. ఆ నెలరోజులూ బావ నాతో పనిమాటలే మాట్లాడాడు. మధ్యాహ్నాలు ఎటో మాయమయ్యేవాడు. నా చోట్లోకి మనిషిని వెతుకుతున్నాడనుకున్నాను.

జూన్ పదిహేను తెల్లవారుజామున ఒడ్డంతా పసుపు వాసన. గంగాలమ్మకి కొబ్బరికాయలు కొట్టాం. బోటు ముక్కుకి దండలు వేశాం. బోటు తోసేటప్పుడు ఎడమభుజం పెట్టాను, ఆ మాత్రం బుద్ధి వచ్చింది. వల వేసి, పొద్దెక్కాక లాగడానికి లేచాను. చూస్తే మా బావ సూరన్న అప్పటికే ముందు వైపు నిలబడి ఉన్నాడు. గుళ్ళ తాడు ఆయన చేతిలో ఉంది.

"అది నా సోటు బావ" అన్నాను.

"ఎనక్కెళ్ళు. బెండు తాడు పట్టు."

"ఎవరు సెప్పేరు?"

"డాక్టరమ్మ సెప్పింది. నాను సెప్తన్నాను. బేగి పట్టు, వల బిగుసుకుంటంది."

సముద్రం మీద గొడవ పడకూడదు. ఆ ఒక్క నియమం నాలాంటివాడు కూడా పాటిస్తాడు. వెనక్కెళ్ళి బెండు తాడు పట్టాను. పళ్ళు కొరుకుతూ లాగాను. రెండు గంటలు లాగాను. చేపలెన్ని పడ్డాయో కూడా చూడలేదు. ఒడ్డుకొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా చినవాల్తేరు నడిచాను. నా చోటు పోవడానికి కారణమైన మనిషిని కడిగేద్దామనుకున్నాను.

మధ్యాహ్నం మూడైంది. నేనెప్పుడూ ఆ వేళకి ఆ గదికి వెళ్ళలేదు, నాది పొద్దున్న వేళ. గదిలో డాక్టరమ్మ ఒక్కతే అన్నం తింటోంది. కర్టెన్ పక్కకి లాగి ఉంది.

"నా సోటు మా బావకి ఇప్పించేవు గదా? సంతోషంగా ఉందా?" అన్నాను గుమ్మంలోనే.

ఆవిడ కంచం పక్కన పెట్టి, "భుజం ఎలాగుందన్నా?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు భుజం ఒకటుందని. నొప్పి లేదు. రెండు గంటలు వల లాగి, ఇంతదూరం చేతులూపుకుంటూ నడిచొచ్చినవాడికి నొప్పి లేదు. ఆ సంగతి కోపంలో గమనించనేలేదు.

పక్కకి తిరిగాను. కర్టెన్ వెనకున్న కిటికీ కనబడింది. ఊచకి నా పాత గుళ్ళ తాడు కట్టి ఉంది. ఆ చివర ఇసక మూట వేలాడుతోంది. తాడు లాగీ లాగీ ఊచ మీద పెయింటు లేచిపోయింది. దగ్గరికెళ్ళి ముడి చూశాను. ఎడమకి తిరిగి ఉంది. చివర ఒక చుట్టు ఎక్కువ.

ఆవిడే చెప్పింది.

"నాను బీచికొచ్చిన మర్నాడే వొచ్చేరు. రోజూ మూడింటికి. నెలరోజులు. మీకు సెప్పొద్దన్నారు, సెప్తే గొడవ సేత్తారన్నారు. 'ఆ తాడు ఆడి అయ్యది, పరాయోడి సేతిలో పడితే ఆడు ఓర్సుకోలేడు. నాను పడతాను. నా కుడిసెయ్యి ఎందుకూ పనికిరాదు, దాన్ని తయారుసెయ్యమ్మా' అన్నారు. పుర్రసేతి మనిషికి యాభయ్యేళ్ళకి కుడిసెయ్యి తిప్పడమంటే మాటలా? సేతులు బొబ్బలెక్కిపోయేవి. మీకంటే బుద్ధిగా సేసేరు. మెల్లగా లాగమంటే మెల్లగా లాగీవారు."

నేను అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. కింద మర తిరుగుతోంది, బల్ల వణుకుతోంది. ముసిలోళ్ళ తాడన్నాను. ఆ మాట విని, ఆ మనిషి మర్నాడే ఈ మెట్లెక్కాడు. ఈ పిల్ల ఒక భుజం బాగుచెయ్యమంటే రెండు బాగుచేసింది. నాకు నయం చేయడమే కాదు, నా బరువు ఎత్తుకునేవాడు పాడైపోకుండా కూడా చూసింది. లేచి ఆవిడకి దండం పెట్టాను. రెండు చేతులూ తలమీది దాకా లేచాయి. ఆవిడ నా ముఖం చూడలేదు, భుజం ఎంతవరకు లేచిందో చూసింది.

వెళుతుంటే, తాడు విప్పి ఇవ్వమంటారా అని అడిగింది. ఉండనీమన్నాను.

మర్నాడు తెల్లవారుజామున అందరికంటే ముందు నేనే బోటెక్కాను. వెనక వైపు నిలబడ్డాను. బావ వచ్చి నన్ను చూశాడు. ఆయన కుడి అరచేతిలో బొబ్బలు పండి, తోలు ఊడి, కొత్తతోలు వస్తోంది. అది నేను నెలరోజులుగా చూడలేదు. క్షమించమనడం నాకు చేతకాదు, ఎవరూ నేర్పలేదు. బెండు తాడు చేతిలోకి తీసుకున్నాను.

"బావ, ఇది నాకు కొత్త. నిన్న కోపంలో ఎలాగో లాగేను. ఎలా పట్టాలో సూపించు" అన్నాను.

బావ బోటు దాటుకుని వచ్చి నా ఎడమచెయ్యి తాడు మీద సరిచేశాడు. వేళ్ళు ఎక్కడుండాలో ఒక్కొక్కటే పెట్టాడు. ఇరవయ్యేళ్ళ తన చోటు నాకు అప్పగించి, మా అయ్య చోట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

"మెల్లగా లాగు బావ. ఎవరూ తరమట్లేదు" అన్నాడు.